కేస్టర్ లైఫ్‌బోటు ఎవరిది? ఒక ఊరి సముద్ర రక్షణ సేవ చరిత్ర

ఇంగ్లండ్ తూర్పు తీరాన, నార్ఫోక్ కౌంటీలో, గ్రేట్ యార్మత్ రేవుపట్టణానికి కొద్ది మైళ్ళ ఉత్తరాన కేస్టర్-ఆన్-సీ అనే ఊరుంది. సముద్రంలో ఆపదలో చిక్కినవాళ్ళను కాపాడే పడవలు లైఫ్‌బోట్లు. బ్రిటన్‌లో వాటి చరిత్ర ఎవరు చెప్పినా ఈ ఊరి ప్రస్తావన రాక తప్పదు. అందుకు ముఖ్యంగా రెండు కారణాలు: 1901 నవంబరులో ఒక్క రాత్రిలో ఆ ఊరి లైఫ్‌బోటు సిబ్బందిలో తొమ్మిది మంది చనిపోవడం ఒకటి, 1969లో జాతీయ లైఫ్‌బోటు సంస్థ అక్కడి కేంద్రాన్ని మూసివేస్తే, ఊరివాళ్ళే సొంత పడవ సమకూర్చుకుని సేవను కొనసాగించడం మరొకటి. ఈ రెంటినీ కలిపి, ప్రతిఫలం కోరకుండా తరతరాలుగా ప్రాణాలకు తెగించిన ఊరి కథగా చెప్పడం ఆనవాయితీ అయింది. ఆ కథ అబద్ధమని ఎవరూ అనరు గాని, చాలా విషయాలు అందులో కలగాపులగమై ఉన్నాయి. పడవ ఎవరిది, దాన్ని నీళ్ళలోకి దింపాలని నిర్ణయించేది ఎవరు, ఖర్చు ఎవరు భరించారు, వెళ్ళినవారికి ఏం ముట్టింది అన్న ప్రశ్నలను విడివిడిగా వేసుకుంటే, కేస్టర్‌లో వేర్వేరు కాలాల్లో మూడు రకాల ఏర్పాట్లు ఒకదాని మీద ఒకటి పేరుకున్నాయని తెలుస్తుంది. ఈనాడు మనం స్వచ్ఛంద సేవ అనుకునేది వాటిలో చివరిది. వయసులోనూ అదే చిన్నది.

కేస్టర్ ఎదుట సముద్రం చూడడానికి విశాలంగా ఉన్నా, ఓడలకు అది ఇరుకు దారి. తీరానికి సమాంతరంగా స్క్రోబీ, బార్బర్, క్రాస్ శాండ్ వంటి ఇసుక తిన్నెలు నీళ్ళ కింద పొడవునా పరుచుకుని ఉంటాయి. వాటిలో కొన్ని పాటుకు బయటపడి పోటుకు మునిగిపోతాయి. పెద్ద గాలివాన వచ్చి వెళ్ళాక వాటి ఆకారమే మారిపోతుంది. తీరానికీ తిన్నెలకూ మధ్యనున్న లోతు నీళ్ళను యార్మత్ రోడ్స్ అంటారు. బయటి సముద్రపు కెరటాల తాకిడిని తిన్నెలు ఆపుతాయి గనుక, పడమటి గాలి వీస్తున్నంతసేపూ అక్కడ లంగరు వేసుకుని ఉండడం క్షేమం. న్యూకాసిల్ ప్రాంతం నుంచి లండన్‌కు బొగ్గు మోసే తెరచాప ఓడలు 18, 19 శతాబ్దాల్లో గుంపులు గుంపులుగా ఈ దారినే వెళ్ళేవి. గాలి తూర్పుకో ఈశాన్యానికో తిరిగిందంటే మాత్రం, అంతవరకూ ఆశ్రయమిచ్చిన చోటే ఉచ్చు అయ్యేది. ఒక పక్క ఒడ్డు, మరో పక్క తిన్నె. లంగరు తాడు తెగిన ఓడకు ఎటు కొట్టుకుపోయినా ప్రమాదమే.

ఆ ప్రమాదమే ఒడ్డునున్న వాళ్ళకు జీవనాధారం. ఈ మాట మొహమాటం లేకుండా ముందే చెప్పుకోకపోతే తర్వాతి చరిత్ర అర్థం కాదు.

బీచ్ కంపెనీలు

నార్ఫోక్, సఫోక్ తీరగ్రామాల్లో 18వ శతాబ్దం చివరినుంచి బీచ్ కంపెనీలు అనే సంఘాలు ఏర్పడ్డాయి. కేస్టర్ కంపెనీ ఆ శతాబ్దపు చివరి దశకానిదని చెబుతారు. సభ్యులను బీచ్‌మెన్ అనేవారు. వీళ్ళు ఎవరి దగ్గరా జీతానికి పనిచేసినవారు కారు; పడవలు, మోకులు, లంగర్లు, ఒడ్డున ఒక కొట్టు, సముద్రం మీద కన్నేసి ఉంచడానికి ఎత్తైన ఒక చెక్క మంచె అన్నీ ఉమ్మడి ఆస్తిగా పెట్టుకుని, వచ్చిన ఆదాయాన్ని వాటాలుగా పంచుకునేవారు. ఓడలకు దారి చూపే పైలట్లను చేరవేయడం, రోడ్స్‌లో ఆగిన ఓడలకు సరుకులు అందించడం, లంగరు పోగొట్టుకున్న ఓడకు మరో లంగరు తీసుకువెళ్ళి ఇవ్వడం, అడుగున పడిపోయిన లంగర్లను వెతికి పైకి తీయడం వంటివి వాళ్ళ నిత్యకృత్యాలు. వీటన్నిటికంటే పెద్ద రాబడి తిన్నె ఎక్కిన ఓడను విడిపించడంలోనో, దాని సరుకును కాపాడడంలోనో ఉండేది. అందుకోసం యాల్ అనే పొడవైన, సన్నని, చాలా వేగంగా పోయే తెరచాప పడవలను కట్టించుకున్నారు. కష్టంలో ఉన్న ఓడ దగ్గరికి ముందుగా చేరిన కంపెనీకే పని దక్కుతుంది గనుక, పక్క ఊరి కంపెనీతో పోటీ తీవ్రంగా ఉండేది.

ఇక్కడ చట్టం సంగతి కొంచెం చెప్పుకోవాలి. నౌకా చట్టంలో రక్షణ పారితోషికం ఆస్తికి ముడిపడి ఉండేది. ఓడనో సరుకునో కాపాడితే, దాని విలువలోంచి కోర్టు కొంత భాగాన్ని ఇప్పిస్తుంది. ఏమీ దక్కకపోతే ఎంత కష్టపడినా చేతికి ఒక్క పెన్నీ రాదు. కేవలం మనుషులను కాపాడి తీసుకువస్తే పారితోషికం అడిగే హక్కే చాలాకాలం లేదు. 1854 నాటి మర్చంట్ షిప్పింగ్ చట్టం ప్రాణరక్షణకు కూడా పారితోషికాన్ని గుర్తించింది. అంతకుముందు కాలంలో, మునిగిపోతున్న ఓడ దగ్గరికి ఎదురుగాలిలో పడవ వేసుకుని వెళ్ళిన బీచ్‌మన్ చేతుల్లో బొగ్గు బస్తాకు విలువ ఉంది గాని కళాసీ ప్రాణానికి చట్టరీత్యా విలువ లేదు. అయినా వాళ్ళు మనుషులను కాపాడారు. కొందరు చరిత్రకారులు బీచ్‌మెన్‌ను డబ్బు మనుషులుగానూ, స్మారక ఫలకాల మీద చెక్కేవాళ్ళు నిస్వార్థ వీరులుగానూ చూపిస్తుంటారు. నా ఉద్దేశంలో రెండూ ఒకే మనిషికి సంబంధించిన నిజాలే. ఉదయం లంగరు అమ్మినవాడే రాత్రి తాడు విసిరి కళాసీని లాగాడు. ఆ రెంటినీ వేరుచేసి చూసుకునే అవసరం అతనికి ఎన్నడూ రాలేదు.

లైఫ్‌బోటు రావడం

ప్రాణాలను కాపాడడానికే ప్రత్యేకంగా పడవ కట్టాలన్న ఆలోచన ఒడ్డునున్న శ్రమజీవులది కాదు. 1785లో లండన్‌లో గుర్రపు బళ్ళు కట్టే లయనెల్ లూకిన్ మునగని పడవకు పేటెంటు తీసుకున్నాడు. 1789లో టైన్ నది ముఖం దగ్గర అడ్వెంచర్ అనే ఓడ మునుగుతుంటే ఒడ్డునున్న జనం చూస్తూ ఉండిపోవాల్సి వచ్చింది. ఆ దుర్ఘటన తర్వాత సౌత్ షీల్డ్స్‌లో హెన్రీ గ్రేట్‌హెడ్ కట్టిన పడవ 1790 నుంచి పనిచేసింది. అయితే గ్రేట్‌హెడ్ పడవ తెడ్లతో నడిచేది. తీరానికి దూరంగా తిన్నెలుండే నార్ఫోక్, సఫోక్ సముద్రానికి అది పనికిరాదని అక్కడి బీచ్‌మెన్ తేల్చి చెప్పేశారు. వాళ్ళు కోరిన పద్ధతిలో, వాళ్ళ యాల్‌ల పోలికలతో, 1807లో లూకిన్ పర్యవేక్షణలో లోస్టాఫ్ట్ కోసం ఫ్రాన్సిస్ ఆన్ అనే తెరచాప లైఫ్‌బోటును కట్టారు. నార్ఫోక్-సఫోక్ తరహా అని తర్వాత పేరుపడిన పడవలకు అదే తొలి నమూనా.

1824 మార్చి 4న సర్ విలియం హిల్లరీ చొరవతో లండన్‌లో జాతీయ సంస్థ ఏర్పడింది. 1854 నుంచి దాని పేరు రాయల్ నేషనల్ లైఫ్‌బోట్ ఇన్‌స్టిట్యూషన్, సంక్షిప్తంగా ఆర్.ఎన్.ఎల్.ఐ. జాతీయ సంస్థ పుట్టడానికి ఒక ఏడాది ముందే నార్ఫోక్‌లో భూస్వాములు, వర్తకులు కలిసి సొంత కౌంటీ సంఘం పెట్టుకున్నారు. కేస్టర్‌కు 1845లో లైఫ్‌బోటు వచ్చింది ఆ సంఘం ద్వారానే. 1857లో కౌంటీ సంఘం తన కేంద్రాలను ఆర్.ఎన్.ఎల్.ఐ.కి అప్పగించింది. అంటే కేస్టర్ ఒడ్డున ఆ తర్వాత రెండు రకాల పడవలున్నాయి: బీచ్ కంపెనీ సొంత యాల్‌లు, లండన్‌లోని దాతల సొమ్ముతో కట్టి ఊరికి పంపిన లైఫ్‌బోటు. తర్వాత చాలాకాలం కేస్టర్ పడవల్లో ఒకదానికి కోవెంట్ గార్డెన్ అన్న పేరే ఉండేది. లండన్‌లో అదే పేరున్న విరాళాల నిధి దాన్ని సమకూర్చింది. రెండు రకాల పడవలనూ నడిపింది మాత్రం అదే మనుషులు.

సమస్య ఇక్కడే మొదలవుతుంది. లైఫ్‌బోటు సంస్థది, సిబ్బంది కంపెనీవాళ్ళు. ప్రాణరక్షణ కోసం లైఫ్‌బోటు దిగితే సంస్థ ఒక్కొక్కరికి పగలైతే పది షిల్లింగులు, రాత్రి అయితే ఒక పౌండు చొప్పున ఇచ్చేది. పడవను ఒడ్డు నుంచి నెట్టడానికి వచ్చినవాళ్ళకు కూడా చిన్న మొత్తం ముట్టేది. అదే ప్రయాణంలో ఓడను కూడా కాపాడే అవకాశం దొరికితే, సిబ్బంది సంస్థ ఇచ్చే కూలి వదులుకుని, పడవ వాడకానికి సంస్థకు కొంత చెల్లించి, ఓడ యజమాని నుంచి రక్షణ పారితోషికం కోరవచ్చు. ఈ నియమం చదివినవాళ్ళకు వింతగా అనిపిస్తుంది. దాతృత్వ సంస్థ పడవతో సిబ్బంది వ్యాపారం చేసుకోవడమేమిటని ఆ రోజుల్లోనే విమర్శలు వచ్చాయి. 1897లో పార్లమెంటు దిగువసభ ఒక సెలెక్ట్ కమిటీ వేసి ఆర్.ఎన్.ఎల్.ఐ. వ్యవహారాలన్నీ విచారించింది, సంస్థను ప్రభుత్వం తీసుకోవాలన్న వాదన కూడా అప్పట్లో గట్టిగానే వినిపించింది, కాని ఆ కమిటీ దాన్ని సమర్థించలేదు. సంస్థ వైపు నుంచి చూస్తే ఆ నియమానికి అర్థముంది. సముద్రం తెలిసినవాళ్ళు బీచ్‌మెన్ ఒక్కరే. వాళ్ళ బతుకుతెరువుకు అడ్డుపడితే పడవ ఉన్నా నడిపేవాళ్ళు ఉండరు.

పడవ రకం విషయంలోనూ లండన్ మాట కంటే ఊరి మాటే నెగ్గేది. 1851లో నార్తంబర్లాండ్ డ్యూక్ ప్రకటించిన నూరు గినీల బహుమతిని గెలుచుకున్నది బోల్తాపడినా తనంతట తాను నిటారుగా లేచే పడవ నమూనా. దాన్ని రూపొందించిన జేమ్స్ బీచింగ్ గ్రేట్ యార్మత్‌లో పడవలు కట్టేవాడు, అంటే కేస్టర్‌కు పొరుగువాడే. దేశమంతటా ఆ తరహా పడవలు వ్యాపించాయి. పొరుగునున్న బీచ్‌మెన్ మాత్రం వాటిని నమ్మలేదు. అవి ఇరుకుగా ఉండి తేలిగ్గా ఒరిగిపోతాయని, తమ వెడల్పాటి బరువైన తెరచాప పడవ అసలు బోల్తాపడదని వాదించారు. సంస్థ వాళ్ళ ఇష్టాన్నే మన్నించింది. పడవలో కూర్చోవాల్సినవాళ్ళే దాన్ని నమ్మకపోతే ఎంత మంచి నమూనా అయినా దండగే గనుక, ఆ మన్నింపు సరైనదే అనుకోవాలి. కాని దాని పర్యవసానం 1901లో కనిపించింది.

అంతకుముందు మరో దుర్ఘటన ఉంది. దాన్ని ఎక్కువమంది చెప్పుకోరు. 1885 జూలైలో జెఫిర్ అనే కంపెనీ యాల్ పదిహేను మందితో తిన్నె ఎక్కిన ఒక ఓడ దగ్గరికి బయలుదేరి, దారిలో నీళ్ళ కింద మునిగి ఉన్న మరో ఓడ కొయ్యకు కొట్టుకుని ముక్కలైంది. ఎనిమిది మంది మునిగిపోయారు. వాళ్ళు లైఫ్‌బోటులో పోలేదు, సొంత పడవలో సొంత పనిమీద పోయారు. పదహారేళ్ళ తర్వాత చనిపోయిన తొమ్మిది మందికి దేశవ్యాప్తంగా దక్కిన గుర్తింపుతో పోలిస్తే వీళ్ళకు దక్కింది స్వల్పం. ఊరు అదే, సముద్రం అదే, కుటుంబాలు కూడా చాలావరకూ అవే. తేడా అంతా పడవ మీద ఎవరి పేరుందన్న దానిలోనే ఉంది.

1901 నవంబరు

నవంబరు 13 రాత్రి సుమారు పదకొండు గంటలకు బార్బర్ తిన్నె వైపు ప్రమాద సంకేతాలు కనిపించాయి. పెనుగాలి, జోరు వాన. బీచమ్ అనే లైఫ్‌బోటును దించడానికి చేసిన తొలి ప్రయత్నం విఫలమైంది. అలలు పడవను తిరిగి ఒడ్డు మీదికి విసిరికొట్టాయి. ఆ తీరంలో రేవు లేదు. పడవను దించే పద్ధతి ఎలాంటిదంటే, ఒడ్డుకు కొంత దూరంలో సముద్రంలో ముందే లంగరు వేసి ఉంచుతారు. దానికి కట్టిన బరువైన మోకు రెండో కొస ఒడ్డు మీద ఉంటుంది. ఇసుక మీద పరిచిన చెక్కల మీదుగా పడవను జనం నెట్టగా, అది నీళ్ళు తాకిన వెంటనే లోపలివాళ్ళు ఆ మోకు పట్టుకుని చేతులతో లాక్కుంటూ అలలు విరిగే చోటు దాటించాలి. ఆ తర్వాతే తెరచాప ఎత్తడం. ఒక్క అల పక్కనుంచి తగిలినా మళ్ళీ మొదటికే. ఆ రాత్రి ఈ పని గంటల తరబడి సాగి, సుమారు రెండు గంటలకు గాని పడవ బయటపడలేదు. పడవలో పన్నెండు మంది ఉన్నారు.

పడవ దిగిందని చూసి జనం ఇళ్ళకు వెళ్ళిపోయారు. డెబ్భై ఎనిమిదేళ్ళ జేమ్స్ హేలెట్ మాత్రం తడిసిన బట్టలతో ఒడ్డునే ఉండిపోయాడు. అతను చాలా ఏళ్ళు లైఫ్‌బోటులో పనిచేసినవాడు. అతని కొడుకులిద్దరు ఆ పడవలో ఉన్నారు. మూడు గంటల ప్రాంతంలో మనవడు ఫ్రెడరిక్‌కు అరుపులు వినిపించాయి. ఇద్దరూ పరిగెత్తి చూస్తే, దించిన చోటుకు కొద్ది గజాల దూరంలోనే పడవ తిరగబడి అలల్లో ఉంది. గాలికి ఎదురు తిరగలేకపోయిన పడవ ఒడ్డువైపు కొట్టుకువచ్చి ముందు భాగంతో నేలను తాకింది. వెంటనే పక్కనుంచి వచ్చిన పెద్ద అల దాన్ని బోల్తాకొట్టించింది. తెరచాప కొయ్యలు విరిగిపోయి, సిబ్బంది పడవ కింద చిక్కుకుపోయారు. తాతా మనవళ్ళు అలల్లోకి దిగి ముగ్గురిని బయటికి లాగారు. మిగిలిన తొమ్మిది మంది చనిపోయారు. వాళ్ళలో హేలెట్ కొడుకులిద్దరూ ఉన్నారు. ఆర్.ఎన్.ఎల్.ఐ. అతనికి బంగారు పతకం ప్రకటించింది. 1902 జనవరిలో శాండ్రింగ్‌హామ్‌లో ఏడవ ఎడ్వర్డ్ రాజు స్వయంగా దాన్ని అందజేశాడు.

కేస్టర్ మనుషులు వెనుదిరగరు అన్న ప్రసిద్ధ నినాదం ఈ ఘటన నుంచే పుట్టింది. ఊళ్ళో ఒక మద్యశాలకు కూడా నెవర్ టర్న్ బ్యాక్ అన్న పేరే పెట్టారు. అసలు జరిగింది ఇది: మరణ విచారణలో, సిబ్బంది ప్రయత్నం విరమించుకుని తిరిగి వస్తుండగా పడవ బోల్తాపడి ఉండవచ్చునన్న సూచన వచ్చింది. హేలెట్ దాన్ని ఖండించాడు. కష్టంలో ఉన్న ఓడను వాళ్ళు విడిచిపెట్టే రకం కాదని, సంకేతాలు కనిపించాక వెనక్కి రావడం తమ పద్ధతి కాదని సమాధానమిచ్చాడు. దాన్ని పత్రికలు ఒక్క వాక్యంగా కుదించాయి. అంటే చనిపోయిన తన కొడుకుల మీద, తోటివాళ్ళ మీద పడబోయిన మాటను తుడిచెయ్యడానికి ఒక తండ్రి ఇచ్చిన సాక్ష్యం అది. నినాదంగా మారిన తర్వాత దానికి వేరే బలం వచ్చింది. విరాళాలు రాబట్టడానికి అంతకంటే పనికొచ్చే వాక్యం మరొకటి ఉండదు. కాని ఆ పొగడ్తలో, బోల్తాపడిన పడవ తిరిగి లేచే తరహాది కాదన్న సంగతి, రేవులేని ఒడ్డు నుంచి పెనుగాలిలో తెరచాప పడవను దించడం మనిషి శక్తికి మించిన పనన్న సంగతి మరుగున పడిపోయాయి. పడవ మునిగిందా, మనుషుల ధైర్యం మునిగిందా అని అడిగిన చోట ధైర్యం గురించి మాత్రమే జవాబు మిగిలింది.

సంస్థ దగ్గర డబ్బు ఎలా పోగయ్యేదో కూడా ఇక్కడే చెప్పుకోవాలి. 1854 నుంచి కొంతకాలం ప్రభుత్వ సాయం తీసుకున్న ఆర్.ఎన్.ఎల్.ఐ. 1869లో దాన్ని వదులుకుంది. అప్పటినుంచి పూర్తిగా విరాళాల మీదే నడిచింది. 1886 డిసెంబరులో లాంకషైర్ తీరంలో మెక్సికో అనే ఓడను కాపాడబోయి రెండు లైఫ్‌బోట్లకు చెందిన ఇరవై ఏడు మంది చనిపోయారు. ఆ కుటుంబాల దైన్యం చూసి కదిలిన వస్త్ర పరిశ్రమాధిపతి చార్లెస్ మెకారా 1891లో మాంచెస్టర్‌లో లైఫ్‌బోటు శనివారం మొదలుపెట్టాడు. అంతవరకూ సంపన్నుల చెక్కుల మీద ఆధారపడిన సంస్థ వీధిలో డబ్బా పట్టుకుని కూలివాళ్ళ పెన్నీలు కూడా పోగుచేయడం నేర్చుకుంది. అప్పటినుంచి లైఫ్‌బోటు సిబ్బంది కథ ప్రజలకు ఎలా వినిపిస్తుందన్నది సంస్థ మనుగడకు సంబంధించిన విషయమైపోయింది. పది షిల్లింగుల లెక్క, రక్షణ పారితోషికాల లెక్క ఆ కథలో ఇమడవు. క్రమంగా జ్ఞాపకంలోంచి కూడా అవి జారిపోయాయి.

కంపెనీ కరిగిపోవడం

ఇంతలో బీచ్‌మెన్ బతుకుతెరువే మాయమవుతూ వచ్చింది. బొగ్గు రైళ్ళకెక్కింది. తెరచాప ఓడల స్థానంలో వచ్చిన ఆవిరి ఓడలు గాలి తిరిగినంత మాత్రాన తిన్నె ఎక్కవు. ఎక్కినా యార్మత్ రేవు నుంచి ఆవిరి టగ్గులు వచ్చి లాగేస్తాయి. 20వ శతాబ్దపు తొలి సగం నాటికి కంపెనీల కథ ముగిసింది. కేస్టర్‌కు తొలి మోటారు లైఫ్‌బోటు, జోస్ నెవిల్, 1941లో వచ్చింది. చెక్కల మీద జారవేసే కాలం పోయి, చక్రాల బండి మీద పెట్టి ట్రాక్టరుతో నీళ్ళలోకి తోసే కాలం వచ్చింది. పది పన్నెండు మంది అవసరమైన చోట ఆరేడుగురు సరిపోయారు. సిబ్బంది సముద్రం మీదే బతికేవాళ్ళు కావాల్సిన అవసరం తగ్గింది. చేపలవేటతో పాటు వేరే పనులు చేసుకునేవాళ్ళు పిలుపు వచ్చినప్పుడు పరిగెత్తుకు వచ్చేవారు. జీవనోపాధికీ ప్రాణరక్షణకూ మధ్య ముడి విడిపోయింది ఇక్కడే. ఒక పని వృత్తిగా చచ్చిపోయాకే సేవగా మిగిలిందని అనవచ్చు.

1969: మూసివేత

1960లలో ఆర్.ఎన్.ఎల్.ఐ. కొత్త తరహా పడవలకు మారడం మొదలుపెట్టింది. అమెరికా కోస్ట్‌గార్డ్ 44 అడుగుల పడవ నమూనాతో తయారైన వేవనీ తరగతి పడవలు సుమారు 14 నాట్ల (నాట్ అంటే గంటకు ఒక నాటికల్ మైలు) వేగంతో పోయేవి. పాత పడవలు ఏడెనిమిది నాట్లకు మించవు. అలాంటి వేవనీ పడవ ఒకటి 1967లో గ్రేట్ యార్మత్-గోర్ల్‌స్టన్ కేంద్రానికి వచ్చింది. ఒడ్డుకు దగ్గరలో ఈతగాళ్ళను, చిన్న పడవలను ఆదుకోవడానికి గాలి నింపిన రబ్బరు పడవలను 1963 నుంచే ప్రవేశపెట్టారు. ఈ లెక్కల ప్రకారం, గోర్ల్‌స్టన్ రేవు ముఖానికి ఐదారు మైళ్ళ దూరంలోనే ఉన్న కేస్టర్‌లో మరో పెద్ద పడవ అనవసరమని సంస్థ భావించింది. 1969 అక్టోబరులో కేంద్రాన్ని మూసివేసింది. అప్పటికి ఆ ఊరి లైఫ్‌బోట్లు 1,800 మందికి పైగా ప్రాణాలు కాపాడి ఉన్నాయి.

ఈ నిర్ణయాన్ని కేవలం గుమాస్తాల కాఠిన్యంగా చూడడం తేలిక. లెక్క వేసి చూస్తే అది అంత తెలివితక్కువ పని కాదు. 7 నాట్ల పడవ అరగంటలో మూడున్నర నాటికల్ మైళ్ళు పోతుంది. 14 నాట్ల పడవ ఏడు మైళ్ళు పోతుంది. రెండు కేంద్రాలు కాపలాకాసిన సముద్రాన్ని ఒక్క పడవ అదే సమయంలో చుట్టిరాగలదు. దాతల సొమ్ముకు బాధ్యత వహించే సంస్థ, ఇంకెక్కడో అసలు పడవే లేని తీరానికి ఆ డబ్బు పనికొస్తుందని ఆలోచించడం సహజం. ఊరివాళ్ళ వాదన వేరే కొలత మీద నిలబడింది. సముద్రం చేరాక వేగమెంత అన్నదే కాక, పిలుపు అందిన క్షణం నుంచి తిన్నె పక్కకు చేరేదాకా ఎంతసేపు అన్నది కూడా చూడాలని, నెలనెలా ఆకారం మారే బార్బర్ తిన్నె ఏ మూల ఎంత లోతుందో రోజూ చూసేవాడికే తెలుస్తుందని వాళ్ళన్నారు. ఒడ్డునే పడుతున్న ఈతగాడికి పది నిమిషాల తేడా ప్రాణంతో సమానం. పది మైళ్ళ బయట ఇంజను ఆగిన ఓడకు ఆ తేడా లెక్కలోకి రాదు. ఏ ప్రమాదాన్ని తలచుకుని లెక్క వేస్తున్నామో దాన్నిబట్టి ఇద్దరి జవాబులూ సరిగానే తేలతాయి.

ఊరు చేసిన పనికి చట్టపరమైన అడ్డంకి ఏదీ లేదు. ఇది చాలామందికి తెలియని సంగతి. బ్రిటన్‌లో లైఫ్‌బోటు నడిపే గుత్తాధిపత్యం ఆర్.ఎన్.ఎల్.ఐ.కి లేదు, ప్రభుత్వానికీ లేదు. సముద్రంలో గాలింపు, రక్షణలను సమన్వయం చేసే బాధ్యత కోస్ట్‌గార్డ్‌ది. అది దగ్గరలో ఉన్న తగిన పడవను పిలుస్తుంది. ఆ పడవ ఎవరిదైనా కావచ్చు. కేస్టర్‌లో లైఫ్‌బోటు మాజీ సిబ్బంది, ఊరివాళ్ళు కలిసి స్వచ్ఛంద రక్షణ సేవ పేరుతో సంఘం పెట్టుకుని, మొదట చిన్న పడవలతో నెట్టుకొచ్చారు. 1973లో షర్లీ జీన్ ఏడీ అనే పడవ వచ్చింది. ఆర్.ఎన్.ఎల్.ఐ. వాడి వదిలేసిన పాత లైఫ్‌బోటునే కొని దానికి కొత్త పేరు పెట్టుకున్నారు. టర్కీ కోళ్ళ వ్యాపారంతో నార్ఫోక్‌లో ధనికుడైన బెర్నార్డ్ మాథ్యూస్ తర్వాత పెద్ద దాతగా ముందుకు వచ్చాడు. 1991లో వచ్చిన పడవకు అతని పేరే పెట్టారు, 2004లో దాని స్థానంలో వచ్చిన డచ్ తరహా పడవ బెర్నార్డ్ మాథ్యూస్ రెండవది. పై నుంచి పంపిన పడవను ఊరు నడపడం పోయి, ఊరే దాతను వెతుక్కుని తనకు నచ్చిన పడవను ఎంచుకోవడం వచ్చింది.

మొదట వేసుకున్న ప్రశ్నలకు ఇప్పుడు జవాబులు మారిపోయాయి. పడవ ఊరి ధర్మసంస్థది. సిబ్బందికి కూలి లేదు, వాటా లేదు. దించమని పిలుపు కోస్ట్‌గార్డ్ నుంచి వస్తుంది, వెళ్ళేదీ లేనిదీ పడవ బాధ్యుడు నిర్ణయిస్తాడు. ఖర్చంతా ఊరు పోగుచేయాలి: పడవ, ట్రాక్టరు, షెడ్డు, ఇంధనం, శిక్షణ, బీమా. కింద తిన్నెలు మారుతున్నట్టే పని కూడా మారింది. బొగ్గు ఓడలను పొట్టనబెట్టుకున్న స్క్రోబీ తిన్నె మీద 2004 నుంచి ముప్ఫై గాలిమరలు విద్యుత్తు ఉత్పత్తి చేస్తున్నాయి. ఇప్పుడు పిలుపులు ఎక్కువగా వచ్చేది ఇంజను ఆగిన విహార పడవల నుంచి, ఒడ్డుకు దూరంగా కొట్టుకుపోయిన ఈతగాళ్ళ కోసం.

స్వతంత్రంగా నడవడంలో ఇబ్బంది ఎక్కడుందో నిజాయితీగా చూడాలి. జాతీయ సంస్థకు దేశమంతటి నుంచి వచ్చే వీలునామా ఆస్తులున్నాయి. ఒక కేంద్రం పడవ చెడిపోతే బదులు పడవ పంపుతుంది. ఊరి సంఘానికి ఆ వెసులుబాటు లేదు. ఒక ఇంజను పోతే ఒక వేసవి కాలపు విరాళాలు దానికే సరి. ప్రమాణాల విషయం కూడా ఉంది. ఎవరైనా లైఫ్‌బోటు పెట్టవచ్చునంటే ఎలాంటి పడవైనా, ఎలాంటి శిక్షణైనా చాలునని అర్థం కాకూడదు గనుక, ప్రభుత్వ నౌకాయాన సంస్థ రక్షక పడవలకు ఒక నియమావళిని ఏర్పరచింది. స్వతంత్ర లైఫ్‌బోట్లన్నీ కలిసి తమ గొంతు వినిపించడానికి ఇటీవల జాతీయ సమాఖ్య కూడా ఏర్పాటు చేసుకున్నాయి. నార్ఫోక్ తీరంలోనే కేస్టర్‌తో పాటు హెమ్స్‌బీ, సీ పాలింగ్ ఊళ్ళకు సొంత లైఫ్‌బోట్లున్నాయి. వీటిలో హెమ్స్‌బీది మరో కష్టం: సముద్రం ఒడ్డునే కోసుకుపోతుంటే పడవను దించే దారి కూడా కొట్టుకుపోయింది.

కేస్టర్ వివాదం కేస్టర్‌తో ఆగలేదు. 2015 సెప్టెంబరులో ఆర్.ఎన్.ఎల్.ఐ. స్కాట్లండ్‌లోని సెయింట్ ఆబ్స్ అనే చిన్న ఊరి కేంద్రాన్ని మూసివేసింది. కారణం అదే: కొద్ది మైళ్ళలోనే ఐమత్‌లో మరో కేంద్రం ఉంది, చిన్న పడవను అక్కడికి చేర్చితే సరిపోతుంది. ఊరి జవాబు కూడా పాతదే: దగ్గరలోని మునకరాళ్ళ మధ్య ఈతకొట్టే స్కూబా డైవర్లకు నిమిషాలే ప్రాణం. ఏడాది తిరిగేసరికి బిస్కెట్ల తయారీ సంస్థ టనక్స్ ఇచ్చిన భారీ విరాళంతో, మరెందరో ఇచ్చిన చిన్న మొత్తాలతో ఊరు కొత్త పడవ తెప్పించుకుని, 2016లో తన సొంత సేవ ప్రారంభించింది. 1973లో కేస్టర్ కొనుక్కున్న పాత లైఫ్‌బోటు అంతకుముందు పనిచేసింది కూడా సెయింట్ ఆబ్స్‌లోనే.